లేత్ మీద రీమింగ్ చేసేటప్పుడు చాటర్ రాకుండా చూసుకోవడం ఎలా

పలాస జీడిపప్పు యంత్రాలకూ, టెక్కలి గ్రానైట్ పాలిషింగ్ యంత్రాలకూ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని రైసు మిల్లులకూ బుష్‌లు (షాఫ్టు తిరిగే గొట్టం లాంటి ముక్కలు) చేసి ఇచ్చే లేత్ షాపుల్లో పనిచేసేవారికి ఈ శబ్దం పరిచయమే. రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నున్నగా తీసే పళ్ళ పనిముట్టు రీమర్. అది రంధ్రంలోకి దిగీ దిగగానే గుర్రుమని మొదలవుతుంది, దాన్ని ముందుకు నెట్టే టెయిల్‌స్టాక్ చక్రం పట్టుకున్న చేతికి వణుకు తెలుస్తుంది. రీమర్‌ను బయటికి తీసి లైటు పట్టి చూస్తే రంధ్రం లోపలి గోడ మీద నిలువు చారలు వరుసగా కనిపిస్తాయి. అదే చాటర్. రీమర్ మొద్దుబారిందనీ, సరుకు మంచిది కాదనీ అనుకుని కొత్త రీమర్ కోసం విశాఖపట్నానికి మనిషిని పంపేవారు చాలామంది ఉన్నారు. నిజానికి రీమర్ పని మొత్తంలో చివరి మెట్టు మాత్రమే. చాటర్ వస్తుందా రాదా అన్నది చాలావరకు అంతకు ముందు రంధ్రాన్ని సిద్ధం చేసిన తీరులోనూ, రీమర్‌ను పట్టుకున్న పద్ధతిలోనూ తేలిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో కోతకన్నా కోతకు ముందు చేయవలసిన పనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణగా రెండు పనులు తీసుకుందాం. ఒకటి 25 మి.మీ. షాఫ్టుకు సరిపోయే గన్‌మెటల్ బుష్; రెండోది ఈఎన్8 ఉక్కులో 3వ నంబరు మోర్స్ టేపరు (లోపలికి పోయేకొద్దీ ప్రామాణిక వాలులో సన్నబడే) రంధ్రం. మొదటిది రోజూ చేసే పని, రెండోది చాటర్‌కు పుట్టిల్లు.

చాటర్ ఎందుకు పుడుతుంది

ఈ సంగతి ఒక్కసారి అర్థమైతే మిగిలిన జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే తోస్తాయి. రీమర్‌కు ఆరో ఎనిమిదో పళ్ళు ఉంటాయి. ఏదో ఒక కారణంగా ఒక పన్ను కొంచెం లోతుగా దిగితే, ఎదుటి పన్ను ఆ మేరకు గోడ నుంచి వెనక్కి జరుగుతుంది. లోహంలో చిన్న గుంట పడుతుంది. వెనక వచ్చే పన్ను ఆ గుంట దగ్గరికి రాగానే అందులోకి జారి మళ్ళీ ఎగురుతుంది. పళ్ళన్నీ సమాన దూరంలో ఉంటే ఈ జారుడూ ఎగురుడూ ఒకే తాళంలో పడి, ప్రతి చుట్టుకూ గుంటలు మరింత లోతవుతాయి. ఆరు పళ్ళ రీమర్ చాటర్ చేసినప్పుడు రంధ్రంలో సాధారణంగా ఐదు గానీ ఏడు గానీ మూలలు ఏర్పడతాయి. అంటే పళ్ళ సంఖ్యకు ఒకటి తక్కువో, ఒకటి ఎక్కువో అన్నమాట. అందుకే మంచి తయారీ రీమర్లలో పళ్ళ మధ్య దూరం కావాలనే కొద్దికొద్దిగా తేడాగా పెడతారు. మైక్రోమీటర్‌తో కొలవడానికి వీలుగా పళ్ళు జతజతగా ఎదురెదురుగానే ఉంటాయి గానీ, పక్కపక్క పళ్ళ మధ్య ఎడం ఒకేలా ఉండదు. మీ దగ్గరున్న రీమర్‌ను చివరి వైపు నుంచి నిదానంగా చూడండి. ఎడాలు అన్నీ ఒకటేలా ఉన్నట్లయితే, అది చాటర్‌కు లొంగే రీమర్ అని ముందే తెలుసుకుని వేగం తగ్గించుకోవచ్చు. మెలి తిరిగిన పళ్ళున్న రీమర్ కూడా ఇదే కారణంగా మేలు. దాని పన్ను పాత గుంటలోకి పొడవునా ఒక్కసారిగా పడిపోదు, కొస నుంచి కొంచెం కొంచెంగా దాటుతుంది. కీవే కోసిన రంధ్రమైతే నిలువు పళ్ళ రీమర్ అసలు పనికిరాదు. పన్ను ఆ గాడిలో పడి కొట్టుకుంటుంది. ఎడమవైపు మెలి ఉన్న రీమరే వాడాలి.

ఈ వణుకు మొదలు కావాలంటే రెండింటిలో ఒకటైనా ఉండాలి: రీమర్ ఊగడానికి చోటు, లేదా పన్ను లోహాన్ని కోయకుండా రుద్దుకుంటూ జారిపోయే పరిస్థితి. రాబోయే మెట్లన్నీ ఈ రెండింటినీ తొలగించడానికే.

మొదటి మెట్టు: యంత్రాన్ని పరీక్షించడం

మన ప్రాంతంలోని షాపుల్లో చాలా లేత్‌లు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవే. బటాలా లేత్ అయినా, రాజ్‌కోట్ లేత్ అయినా, పాత హెచ్‌ఎమ్‌టీ అయినా, ముందు చూడవలసింది స్పిండిల్ (పనిముక్కను పట్టే చక్‌ను తిప్పే ఇరుసు) బేరింగు. చక్‌లో గట్టి రాడ్డు బిగించి, దాని మీద డయల్ గేజ్ ముల్లు ఆనించి, రాడ్డును చేతితో పైకీ కిందికీ గట్టిగా నెట్టి చూడండి. ముల్లు 0.02 మి.మీ. కన్నా ఎక్కువ కదిలి నిలబడితే, రీమింగ్ మాట తర్వాత, ముందు బేరింగు సర్దుకోవాలి. ఈ ఒక్క పరీక్షను వదిలేసి రీమర్ మీద నేరం మోపడం మన షాపుల్లో పరిపాటి.

తర్వాత టెయిల్‌స్టాక్. హెడ్‌స్టాక్ సెంటరుకూ టెయిల్‌స్టాక్ సెంటరుకూ మధ్య టెస్టు బారు బిగించి, శాడిల్ (టూల్‌ను మోసే బండి) మీద పెట్టిన డయల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించండి. పక్క వైపు తేడా సర్దుబాటు బోల్టులతో పోతుంది. ఎత్తు తేడా మాత్రం బోల్టులతో పోదు. టెయిల్‌స్టాక్ అడుగు భాగం ఏళ్ళ తరబడి అరిగి కిందికి దిగినట్లయితే, పలుచని రేకు వేసి ఎత్తాలి. పై వైపున కూడా డయల్ నడిపించి ఈ సంగతి తేల్చుకోండి. 0.02 మి.మీ. లోపు తేడా ఉంటే నేరుగా బిగించిన రీమర్‌తో పని జరుగుతుంది. అంతకు మించితే కింద చెప్పబోయే తేలియాడే పట్టు తప్పదు. క్విల్‌ను, అంటే టెయిల్‌స్టాక్ నుంచి ముందుకు వచ్చే గొట్టాన్ని, పూర్తిగా బయటికి సాచి పనిచేయకండి. టెయిల్‌స్టాక్‌ను ముందుకు జరిపి, క్విల్ వీలైనంత లోపలే ఉండేటట్లు చూసి, క్విల్ బిగింపు పిడిని కొద్దిగా బిగించి పెట్టండి. చక్రం తిప్పితే క్విల్ కదలాలి గానీ, చేత్తో ఊపితే ఊగకూడదు.

రెండో మెట్టు: పనిముక్కను పట్టే విధం

గన్‌మెటల్ బుష్‌ను మూడు దవడల చక్‌లో బలంగా బిగిస్తే పలుచని గోడ మూడు చోట్ల లోపలికి నొక్కుకుపోతుంది. రీమింగ్ అయ్యాక చక్ వదలగానే రంధ్రం ముక్కోణం వైపు తిరుగుతుంది. దీన్ని చాలామంది చాటర్ అనుకుంటారు. గుర్తుపట్టడం తేలికే. చాటర్ అయితే చారలు కనిపిస్తాయి, శబ్దం వస్తుంది. బిగింపు వల్ల వచ్చిన వంకరలో గోడ అద్దంలా నున్నగానే ఉంటుంది గానీ షాఫ్టు దిగదు. చీల్చిన రింగులో బుష్‌ను పెట్టి బిగించడం గానీ, మెత్తని దవడలను బుష్ కొలతకు బోరు చేసి వాడటం గానీ దీనికి మందు. వీలైతే బుష్‌ను కడ్డీ నుంచి విడదీయకముందే, అంటే కడ్డీ మొదలు చక్‌లో ఉండగానే, రంధ్రం పూర్తిచేసి ఆ తర్వాత కోసుకోవడం అన్నిటికన్నా మంచిది.

బుష్‌ను హౌసింగులో ప్రెస్ చేసే పని అయితే మరో మాట. బిగుతుగా ప్రెస్ చేసిన బుష్ రంధ్రం కొద్దిగా కుంచించుకుపోతుంది. అందువల్ల చివరి రీమింగ్‌ను ప్రెస్ చేసిన తర్వాతకే వదిలిపెట్టాలి.

మూడో మెట్టు: రంధ్రాన్ని బోరు చేయడం

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే చాటర్‌లో సగం ఇక్కడే తయారవుతుంది. రీమర్ తనంతట తాను రంధ్రాన్ని తిన్నగా చేయలేదు. ముందున్న రంధ్రం ఎటు పోతే అటే పోతుంది. డ్రిల్ వేసిన రంధ్రం ఎప్పుడూ కాస్తో కూస్తో వంకరగా, నోటి దగ్గర వెడల్పుగా ఉంటుంది. అందులోకి నేరుగా రీమర్ దింపితే ఒకవైపు పళ్ళకు మాత్రమే కోత తగులుతుంది, మరోవైపు పళ్ళు గాలిలో ఉంటాయి. ఊగడానికి రీమర్‌కు చోటు ఇచ్చింది మనమే.

కాబట్టి 25 మి.మీ. రంధ్రానికి ముందు 16 మి.మీ. డ్రిల్, తర్వాత 24 మి.మీ. డ్రిల్ వేయండి. ఆపైన బోరింగ్ టూల్‌తో 24.75 నుంచి 24.8 మి.మీ. వరకు తీయండి. బోరింగ్ బారు రంధ్రంలో పట్టేంత లావుగా, టూల్‌పోస్టు నుంచి పని లోతుకు కావలసినంత మాత్రమే బయటికి ఉండాలి. చివరి రెండు కోతలు పలుచగా, ఒకే సెట్టింగులో తీస్తే బారు వంగడం వల్ల వచ్చే తేడా పోతుంది. బోరు గోడ మీద టూల్ చారలు గరుకుగా ఉండిపోతే రీమర్ వాటిని చెరిపేస్తుందన్న భరోసా పెట్టుకోవద్దు.

రీమర్‌కు వదిలే లోహం గురించి ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయి ఉంది. ఎంత తక్కువ వదిలితే అంత నున్నగా వస్తుందని అనుకుంటారు. యంత్రం మీద తిరిగే రీమర్‌కు 25 మి.మీ. కొలతలో 0.2 నుంచి 0.25 మి.మీ. వరకు, అంటే ఒక్కో పక్క 0.1 నుంచి 0.125 మి.మీ. దాకా, లోహం ఉండాల్సిందే. 0.05 మాత్రమే వదిలితే పన్నుకు కొరకడానికి దొరకదు, గోడను రుద్దుతుంది. రుద్దుడు వల్ల గోడ గట్టిపడుతుంది, రీమర్ అంచు అరుగుతుంది, వణుకు మొదలవుతుంది. చేతితో తిప్పే రీమర్ విషయం వేరు. దానికి ముందు భాగంలో పొడవైన ఏటవాలు ఉంటుంది కాబట్టి 0.05 నుంచి 0.1 మి.మీ. చాలు. చేతి రీమర్ లెక్కను యంత్ర రీమర్‌కు, యంత్ర రీమర్ లెక్కను చేతి రీమర్‌కు వాడటం వల్లనే కొన్ని షాపుల్లో ఈ లెక్కలన్నీ తారుమారవుతున్నాయి. తోక చివర చతురస్రంగా ఉంటే అది చేతి రీమర్.

బోరింగ్ అయ్యాక రంధ్రం నోటిని రీమర్ ముందు ఏటవాలు ఆనేంత మేరకు చిన్న చాంఫర్ (అంచుకు ఏటవాలు) చేయండి. పళ్ళన్నీ ఒకేసారి గోడను తాకడానికి ఇది ఉపకరిస్తుంది. మొదటి రెండు మూడు చుట్లలో పుట్టని చాటర్ ఆ తర్వాత పుట్టడం అరుదు.

నాలుగో మెట్టు: రీమర్‌ను చూసి, పట్టు అమర్చడం

రీమర్ పళ్ళ అంచుల మీద గోరు నడిపి చూడండి. ఎక్కడైనా తగిలితే అక్కడ చిన్న ముక్క విరిగిందనో, లోహం అతుక్కుందనో అర్థం. సన్నని నూనె రాయితో పన్ను ముందు ముఖాన్ని మాత్రమే, అదీ ముఖానికి సమంగా ఆనించి, రెండు మూడు సార్లు రుద్దవచ్చు. వెలుపలి సన్నని పట్టీని ఎప్పుడూ రుద్దకండి. కొలత అక్కడే ఉంది, రీమర్‌ను గోడకు ఆనించి నిలబెట్టేదీ అదే. ఎవరో ఉత్సాహం కొద్దీ ఆ పట్టీని సన్నగా అరగదీసిన రీమర్ ఎంత పదునుగా ఉన్నా చాటర్ చేస్తూనే ఉంటుంది. అటువంటి దాన్ని పక్కన పెట్టడమే మేలు.

పట్టుకు రెండు మార్గాలు ఉన్నాయి. టేపరు తోక ఉన్న యంత్ర రీమర్ అయితే, తోకనూ స్లీవునూ గుడ్డతో తుడిచి, టెయిల్‌స్టాక్‌లో ఒక్క కుదుపుతో కూర్చోబెట్టండి. లోపల చిన్న రజను ఉన్నా రీమర్ పక్కకు తిరిగిపోతుంది. టెయిల్‌స్టాక్ మీద నమ్మకం లేనప్పుడు రెండో మార్గం, అంటే తేలియాడే పట్టు, మంచిది. దీనికి చేతి రీమర్ కావాలి, లోహం కూడా పైన చెప్పిన చేతి రీమర్ లెక్క ప్రకారమే వదలాలి. దాని తోక చివర సెంటరు గుంట ఉంటుంది. ఆ గుంటలో టెయిల్‌స్టాక్ డెడ్ సెంటరును ఆనించి, తోక చతురస్రానికి ట్యాప్ హ్యాండిల్ తగిలించి, హ్యాండిల్ ఒక చెయ్యి టూల్‌పోస్టు మీద గానీ కాంపౌండ్ స్లైడ్ (టూల్‌పోస్టు కింద కోణానికి తిరిగే స్లైడ్) మీద గానీ ఆనేటట్లు పెట్టండి. రీమర్ తిరగకుండా హ్యాండిల్ ఆపుతుంది, ముందుకు నెట్టడం సెంటరు పని. రీమర్ ముందు భాగం రంధ్రంలో తన దారి తాను వెతుక్కుంటుంది. టెయిల్‌స్టాక్ కొంచెం తేడాగా ఉన్నా రీమర్ ఆ తేడాను రంధ్రంలోకి మోసుకుపోదు. హ్యాండిల్‌ను చేత్తో పట్టుకుని మోటారు నడపవద్దు. రీమర్ ఒక్కసారి పట్టుకుంటే మణికట్టు విరుగుతుంది. కోత జరుగుతున్నంతసేపూ సెంటరు గుంటను వదలకూడదు. సెంటరు వదిలిన రీమర్ లోపలికి లాక్కుపోబడి ఊగుతుంది.

పళ్ళకు ముందు నున్నని గుండ్రని పైలట్ ఉన్న రీమర్లూ ఉంటాయి. పైలట్ రంధ్రంలో 0.01 నుంచి 0.02 మి.మీ. వదులుతో జారాలి. అంతకన్నా వదులైతే అది ఉన్నా లేనట్టే; బిగుతైతే గోడను గీసుకుంటూ పోతుంది.

ఐదో మెట్టు: వేగం, ఫీడు, నూనె

రీమర్ వేగం డ్రిల్ వేగంలో సగమో, మూడింట రెండు వంతులో ఉండాలన్నది పాత లెక్క. చాటర్ భయం ఉన్నప్పుడు సగం నుంచి మొదలుపెట్టడం మంచిది. హైస్పీడ్ స్టీల్ రీమర్‌కు గన్‌మెటల్‌లో నిమిషానికి 12 నుంచి 15 మీటర్లు, మైల్డ్ స్టీల్‌లో 8 నుంచి 10, ఈఎన్8 లాంటి గట్టి ఉక్కులో 6, బీడులో (పోత ఇనుములో) 6 నుంచి 8 మీటర్లు సరిపోతాయి. 25 మి.మీ. కొలతకు మీటర్లను 12.7తో గుణిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. 6 మీటర్లకు దాదాపు 76 చుట్లు, 12 మీటర్లకు 152 చుట్లు. అంత తక్కువ వేగం గేరు పెట్టెలో లేకపోతే బ్యాక్ గేరు వేయండి. బ్యాక్ గేరు వేయడానికి బద్ధకించి పై గేరులోనే కానిచ్చేయడం వల్ల పాడైన బుష్‌లు ప్రతి షాపు మూలన కుప్పగా కనిపిస్తాయి.

వేగం తగ్గించమంటే అందరూ ఫీడు (చుట్టుకు రీమర్ ముందుకు జరిగే దూరం) కూడా తగ్గిస్తారు. అక్కడే చిక్కు. రీమర్‌కు వేగం తక్కువ, ఫీడు ఎక్కువ కావాలి. డ్రిల్‌కు ఇచ్చే ఫీడుకు రెండు మూడు రెట్లు, అంటే ఈ కొలతలో చుట్టుకు 0.4 మి.మీ. వరకు ఇవ్వవచ్చు. చేతి లెక్కలో చెప్పాలంటే, 100 చుట్ల వేగం మీద నిమిషానికి 40 మి.మీ. ముందుకు పోవాలి. టెయిల్‌స్టాక్ మర పిచ్ 5 మి.మీ. అయితే నిమిషానికి ఎనిమిది చుట్లు, అంటే చక్రాన్ని ఏడు ఎనిమిది సెకన్లకు ఒక పూర్తి చుట్టు తిప్పాలి. గడియారం ఎదురుగా పెట్టుకుని ఒకసారి తిప్పి చూస్తే, మనం మామూలుగా ఎంత నెమ్మదిగా తిప్పుతున్నామో తెలిసి ఆశ్చర్యం వేస్తుంది. మధ్యలో చేయి మార్చుకోవడానికి ఆగడం, రీమర్ ఒకే చోట తిరుగుతూ ఉండటం మంచిది కాదు. రెండు చేతులూ మార్చి మార్చి వేస్తూ, తంబురా శ్రుతిలా చక్రాన్ని ఆగకుండా ఒకే తీరున నడపాలి.

ఉక్కుకు చిక్కని కట్టింగ్ ఆయిల్ ధారాళంగా పోయండి. నీళ్ళలో కలిపే కూలెంట్‌తో పని జరుగుతుంది గానీ, చాటర్‌ను అణచడంలో చిక్కని నూనెకు సాటిరాదు. పన్నుకూ గోడకూ మధ్య చిక్కని పొర మెత్తలా నిలబడుతుంది. బీడును పొడిగానే కోయాలి. నూనె పోస్తే రజను ముద్దగా మారి ఫ్లూట్లలో (పళ్ళ మధ్య గాడుల్లో) ఇరుక్కుంటుంది. అల్యూమినియానికి కిరోసిన్ చాలు. గన్‌మెటల్‌ను పొడిగా కోసేవారూ ఉన్నారు, కూలెంట్ పోసేవారూ ఉన్నారు, రెండూ నడుస్తాయి. ఫాస్ఫర్ బ్రాంజ్ మాత్రం రీమర్ వెళ్ళిన వెనుకనే కొంచెం మూసుకుపోయే గుణం ఉన్న లోహం. మొద్దు రీమర్‌తో దాని జోలికి పోకండి.

లోతైన రంధ్రమైతే మధ్యలో ఒకటి రెండుసార్లు రీమర్‌ను తీసి రజను తుడవాలి. తీసేటప్పుడు కూడా స్పిండిల్ ముందు దిశలోనే తిరగాలి. వెనక్కి తిప్పితే రజను పన్ను వెనుక ఇరుక్కుని అంచును విరిచేస్తుంది. కోత నడుమ కరెంటు పోవడం మనకు కొత్త కాదు. అప్పుడు స్విచ్ ఆఫ్ చేసి, చక్‌ను చేత్తో ముందు దిశలోనే తిప్పుతూ రీమర్‌ను బయటికి లాగేయండి. అలాగే వదిలేసి టీకి వెళ్ళకండి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇరుక్కున్న రీమర్‌తో లేత్ ఒక్కసారిగా మొదలయ్యే ప్రమాదం ఉంది, కనుక స్విచ్ ఆఫ్ చేయడం మొదటి పని.

టేపరు రంధ్రాలు: చాటర్ ఎక్కువగా వచ్చే చోటు

తిన్నని రంధ్రంలో యంత్ర రీమర్ ముందున్న చిన్న ఏటవాలు మాత్రమే కోస్తుంది. టేపరు రీమర్ అలా కాదు. లోపలికి దిగేకొద్దీ దాని పన్ను మొత్తం పొడవునా కోత మీద ఉంటుంది. బలం ఎక్కువ కావాలి, ఒక్కో చోట తెగేది పొర కన్నా పలుచగా ఉంటుంది. వణుకుకు ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి ఇంకొకటి లేదు. రైఫిల్ గొట్టాల్లో తూటా కూర్చునే చాంబర్‌ను కోసేవారిని పీడించే సమస్య కూడా సరిగ్గా ఇదే. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ వంటి ప్రభుత్వ కర్మాగారాల్లో చేసే ఆ పని మన షాపులకు రాదు, రానివ్వకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని తయారు చేయడమే కాదు, బాగుచేయడం కూడా నేరమే. అయితే ఆ వృత్తిలో వాడుకలో ఉన్న ఉపాయాలు, అంటే గొట్టంలో సరిగ్గా సరిపోయే పైలట్, తేలియాడే పట్టు, చిక్కని నూనె, అవసరమైతే రీమర్‌కు చుట్టే గుడ్డ, ఇవన్నీ మన టేపరు పనికి అక్షరాలా వర్తిస్తాయి.

3వ నంబరు మోర్స్ టేపరు పెద్ద నోటి కొలత 23.825 మి.మీ. వాలు దాదాపు ఇరవైకి ఒకటి. తిన్నని రంధ్రం వేసి, అందులో టేపరు రీమర్‌ను మొదటి నుంచి చివరి దాకా తోయడం చాటర్‌ను చేతులారా పిలవడమే. బదులుగా కాంపౌండ్ స్లైడ్‌ను 1 డిగ్రీ 26 నిమిషాల కోణానికి తిప్పి బోరింగ్ టూల్‌తోనే టేపరు తీయాలి. స్లైడ్ మీది గీతల్ని నమ్ముకుంటే ఈ కోణం రాదు. రెండు సెంటర్ల మధ్య మంచి మోర్స్ టేపరు ఆర్బరును (కచ్చితమైన టేపరు కడ్డీని) నిలబెట్టి, కాంపౌండ్ మీద డయల్ బిగించి, స్లైడ్‌ను నడిపేటప్పుడు ముల్లు కదలనంత వరకు కోణాన్ని సర్దాలి. డయల్ ముల్లు సరిగ్గా సెంటరు ఎత్తులో ఆనాలి. పైకో కిందికో ఉంటే కోణం తప్పు చూపిస్తుంది. బోరింగ్ టూల్ కొన కూడా అదే ఎత్తులో ఉండాలి, లేకపోతే టేపరు గోడ నడుమ వంపు తిరుగుతుంది.

రీమర్‌కు 0.15 నుంచి 0.2 మి.మీ. వదిలి ఆపండి. ఎంత మిగిలిందో రీమర్‌తోనే కొలుచుకోవచ్చు. ఇరవైకి ఒకటి వాలులో రీమర్ 1 మి.మీ. లోపలికి పోతే కొలత 0.05 పెరుగుతుంది. కనుక రీమర్‌ను రంధ్రంలో చేత్తో ఆనించినప్పుడు అది చేరవలసిన చోటికి ఇంకా 3 నుంచి 4 మి.మీ. బయట నిలిచితే లెక్క సరిపోయినట్లు.

ఈ చివరి మూడు నాలుగు మిల్లీమీటర్లను మోటారుతో కాకుండా, మోటారు ఆపి చక్‌ను చేత్తో తిప్పుతూ కోయడం నా సలహా. మోటారుతోనే చేయాలంటే 40 చుట్లకు మించనివ్వకండి. సెంటరు గుంట పట్టు, ట్యాప్ హ్యాండిల్, చిక్కని నూనె, ఎడతెగని ఒత్తిడి: పైన చెప్పినవన్నీ ఇక్కడ మరింత గట్టిగా పాటించాలి. ప్రతి మిల్లీమీటరుకూ రీమర్‌ను తీసి ఫ్లూట్లు బ్రష్షుతో శుభ్రం చేయండి. తిరిగి పెట్టేటప్పుడు రీమర్‌ను గోడకు ఆనించాకే చక్ తిప్పాలి. తిరుగుతున్న రంధ్రంలోకి రీమర్‌ను దూరిస్తే మొదటి తాకిడిలోనే గుంట పడుతుంది.

చాటర్ మొదలైపోతే

శబ్దం వినగానే ఆపండి. ఇంకొంచెం లోపలికి పోతే అదే సర్దుకుంటుందన్న ఆశ ఫలించదు. పళ్ళు పాత గుంటల్లోనే పడతాయి, అవి లోతవుతూనే ఉంటాయి. చెయ్యవలసింది గోడ మీద ఇంకా ఎంత లోహం మిగిలిందో చూసుకోవడం. 0.1 మి.మీ. కన్నా ఎక్కువ మిగిలి ఉంటే బోరింగ్ టూల్‌తో ఒక పలుచని కోత తీసి గుంటల్ని పూర్తిగా చెరిపేయండి. బోరింగ్ టూల్‌కు ఒకే అంచు ఉంటుంది కాబట్టి మూలల తాళం దానికి అంటదు. రంధ్రం మళ్ళీ గుండ్రమవుతుంది. ఆ తర్వాత వేగాన్ని సగం చేసి గానీ, మోటారు ఆపి చక్‌ను చేత్తో తిప్పుతూ గానీ రీమర్ నడపండి. నేను చూసినంతలో దీనికి మించిన మందు లేదు.

బోరింగ్‌కు లోహం చాలనప్పుడు మిగిలేది గుడ్డ ఉపాయం. నూలు గుడ్డనో, మైనం పట్టించిన కాగితాన్నో నూనెలో తడిపి, రీమర్ చుట్టూ ఒక్క వరస మాత్రమే చుట్టి, రంధ్రంలోకి దింపి, మోటారు స్విచ్ ఆఫ్ చేసి ఉంచి, చక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ గట్టిగా నెట్టండి. పన్ను అంచులు గుడ్డను చీల్చుకుని లోహాన్ని తాకుతాయి. మిగిలిన గుడ్డ పళ్ళ వెనుక నిండి రీమర్‌ను గుంటల్లోకి పడనివ్వకుండా పట్టి ఉంచుతుంది. రెండు మూడు చుట్లకోసారి తీసి, కొత్త గుడ్డ చుట్టండి. గుంటలు లోతుగా లేకపోతే ఇలా పోతాయి. మోటారు నడుస్తుండగా గుడ్డను దగ్గరికి తీసుకుపోకూడదని వేరే చెప్పనవసరం లేదు.

ఎమరీ కాగితంతో రుద్ది చారలు చెరిపేవారు కూడా ఉన్నారు. చారలు కంటికి కనిపించకుండా పోతాయి, మూలలు అలాగే ఉంటాయి. పైగా గన్‌మెటల్‌లో ఎమరీ గింజలు దిగబడి షాఫ్టును తినేస్తాయి.

కొలిచి చూడటం

చాటర్ పడిన రంధ్రాన్ని కొలవడంలో ఒక తిరకాసు ఉంది. ఏడు మూలల రంధ్రంలో టెలిస్కోపిక్ గేజ్ ఎటు తిప్పి పెట్టినా దాదాపు ఒకే కొలత చూపిస్తుంది, ఎందుకంటే ఒక మూలకు ఎదురుగా ఎప్పుడూ చదును వస్తుంది. 25.01 వచ్చిందని సంతోషించి షాఫ్టు పెడితే దూరదు. ఆపైన షాఫ్టును అరగదీయడం మొదలుపెడతారు. ఇలా ఎదురెదురు రెండు చోట్ల మధ్య తీసే కొలత మీద ఆధారపడకుండా ప్లగ్ గేజ్ (కచ్చితమైన కొలతకు చేసిన గుండ్రని కడ్డీ) వేసి చూడండి. 25 మి.మీ. హెచ్7 (కొలత హద్దుల ప్రామాణిక తరగతి) రంధ్రానికి హద్దు సున్నా నుంచి 0.021 మి.మీ. వరకు. గేజ్‌లో గో (దూరవలసిన) వైపు తన బరువుకు తాను జారాలి, నోగో (దూరకూడని) వైపు నోటి దగ్గరే ఆగాలి. ప్లగ్ గేజ్ లేకపోతే 25.00కు గ్రైండు చేసిన చిన్న షాఫ్టు ముక్కను ఇందుకోసం నూనె పూసి దాచుకోండి. ఆ ముక్క మీద నీలం రంగు పలుచగా పూసి రంధ్రంలో తిప్పి తీస్తే, గోడ అంతటా రంగు అంటాలి. సన్నని నిలువు చారలుగా మాత్రమే అంటితే మూలలు ఉన్నట్టే.

టేపరు రంధ్రానికి కూడా నీలం పరీక్షే. మంచి ఆర్బరు మీద పొడవునా మూడు గీతలు గీసి, లోపల పెట్టి ఒక్క పావు చుట్టు తిప్పి తీయండి. గీతలు పొడవంతా చెరిగితే పని పూర్తయినట్లు. పెద్ద నోటి దగ్గర మాత్రమే చెరిగితే టేపరు కోణం తగినంత తెరుచుకోలేదు; చిన్న చివర మాత్రమే చెరిగితే ఎక్కువ తెరుచుకుంది. ఈ రెండింటిలో ఏదైనా రీమర్ వల్ల కాదు, కాంపౌండ్ సర్దుబాటు వల్ల వచ్చిందే, కనుక మళ్ళీ డయల్ దగ్గరికే వెళ్ళాలి.

కొలత అయ్యాక రీమర్‌ను కిరోసిన్‌లో కడిగి, తుడిచి, నూనె పూసి, దాని పొడవుకు కోసుకున్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలో పెట్టండి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలి తగిలే షాపుల్లో నూనె లేని రీమర్ అంచు మీద రాత్రికి రాత్రే తుప్పు చుక్కలు పడతాయి. సొరుగులో తోటి పనిముట్లతో కలిపి పడేసిన రీమర్ అంచులు ఒకదానికొకటి తగిలి చెక్కుకుపోతాయి. అటువంటి ఒక్క పన్ను చాలు, మరుసటి బుష్‌లో గుర్రుమనే శబ్దం మొదలుకావడానికి.